ప్రమోటర్లు తమ షేర్లు ఇస్తున్నారా లేదా, అది రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత మంగళవారం మీ బిజినెస్ పేజీలో ఒక కుటుంబ సంస్థ షేర్ల బైబ్యాక్ (కంపెనీ తన షేర్లను వాటాదారుల నుంచి తానే తిరిగి కొనడం) వార్త వేశారు. శీర్షిక 'వాటాదారులకు పండగే'. బైబ్యాక్ ధర, అది మార్కెట్ ధర కంటే ఎంత ఎక్కువ, మొత్తం ఎన్ని కోట్లు, రికార్డు తేదీ ఎప్పుడు, అన్నీ ఇచ్చారు. పక్కనే చైర్మన్ గారి నవ్వు ముఖం. ఆ కుటుంబం చేతిలో ఇప్పుడు ఎంత వాటా ఉంది, ఈ బైబ్యాక్‌లో వాళ్లు తమ షేర్లు ఇస్తున్నారా, అంతా ముగిశాక వాళ్ల వాటా ఎంతకు చేరుతుంది అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. వార్త మొదటి వాక్యంలో ఉండాల్సింది అదేనని నా అభిప్రాయం. కంపెనీ ప్రకటనలో అది లేదనడానికి వీల్లేదు. ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమాని కుటుంబం, వాటా ఎంత, టెండరు పద్ధతిలో (ఒకే ధరకు వాటాదారులందరినీ షేర్లు ఇమ్మని అడగడం) వాళ్లు పాల్గొంటారా లేదా అన్నది పబ్లిక్ అనౌన్స్‌మెంటులో తప్పనిసరిగా రాయాలి. మీ విలేఖరి మొదటి పేజీ దాటి చదవలేదంతే.

నేను గుంటూరు ప్రాంతంలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో మూడు దశాబ్దాలకు పైగా లెక్కలు రాసి రిటైరయ్యాను. నా దగ్గరా కొన్ని కంపెనీల షేర్లున్నాయి, పెద్ద మొత్తం కాదు. బైబ్యాక్ అంటే కంపెనీ మన డబ్బు మనకు తిరిగిస్తోందని మీరు రాస్తారు. కుటుంబం చేతిలో ఉన్న కంపెనీలో అది సగం మాటే. మిగతా సగం, పెత్తనం ఎటు జరుగుతోంది అన్నది.

లెక్క చూడండి. కంపెనీకి కోటి షేర్లు. కుటుంబానికి 48 లక్షలు, అంటే 48 శాతం. షేరు 500 రూపాయల చొప్పున 6 లక్షల షేర్లు కొంటామని బోర్డు ప్రకటించింది. కుటుంబం తన షేర్లలో ఒక్కటి కూడా ఇవ్వలేదు, ఇచ్చిందంతా బయటివాళ్లే. కొన్న షేర్లను చట్టం ప్రకారం రద్దు చేస్తారు కాబట్టి మిగిలేవి 94 లక్షలు. అందులో 48 లక్షలంటే 51 శాతం పైన. సగం కంటే తక్కువ ఉన్నవారు సగం దాటారు. ఈ 3 శాతం వాళ్లే మార్కెట్లో కొనుక్కోవాలంటే అదే ధరకు 15 కోట్లకు పైగా సొంత డబ్బు తీయాలి. ఇక్కడ జేబులోంచి పైసా తీయలేదు. కంపెనీ ఖాతాలోంచి 30 కోట్లు వెళ్లాయి. ఆ కంపెనీ మూలధనం, ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న మిగులు) కలిపి 300 కోట్లుంటే, 10 శాతం లోపే కాబట్టి వాటాదారుల తీర్మానం కూడా అక్కర్లేదు, బోర్డు తీర్మానం చాలు. టేకోవర్ నిబంధనల ప్రకారం 25 శాతానికి మించి వాటా ఉన్నవాళ్లు ఏడాదిలో 5 శాతం దాకా పెంచుకుంటే ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లూ కొంటామని ప్రకటించడం) ఇవ్వనక్కర్లేదు కాబట్టి ఆ బాధ కూడా లేదు. అంతా చట్టబద్ధమే.

దీనికి ఎవరైనా చెప్పే సమాధానం నాకు తెలుసు. షేర్లు ఇవ్వని ప్రతివాడి వాటా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కదా, నూరు షేర్లవాడికీ పెరిగింది కదా అంటారు. నిజమే. ధర న్యాయంగా ఉంటే డబ్బు లెక్కలో ఎవరికీ నష్టం లేదు. కానీ నా నూరు షేర్ల వాటా ఎంత పెరిగినా నేను ఒక్క డైరెక్టర్నీ మార్చలేను. 48 నుంచి 51కి చేరినవారు బోర్డులో చాలామందిని మార్చగలరు. కంపెనీ చట్టంలో కొన్ని మెట్లున్నాయి. నాలుగో వంతు దాటితే ప్రత్యేక తీర్మానాన్ని అడ్డుకోవచ్చు, సగం దాటితే మామూలు తీర్మానం సొంతంగా గెలిపించుకోవచ్చు, నాలుగింట మూడొంతులుంటే ప్రత్యేక తీర్మానం కూడా చేతిలోదే. బయటి వాటాదారుల్లో చాలామంది ఓటే వేయరు కాబట్టి 60 శాతం ఉన్నా మూడొంతులున్నట్టే నడుస్తుంది. బైబ్యాక్ ఏ మెట్టు దగ్గర జరుగుతోందన్నది చూడకుండా అది మంచిదో చెడ్డదో చెప్పలేం.

నాలుగు పేర్లు చెబితే విషయం తేలుతుంది. విప్రోలో ప్రేమ్‌జీ కుటుంబం, వారి ట్రస్టుల వాటా దాదాపు 73 శాతం. 2016 నుంచి 2023 వరకు ఆ కంపెనీ అయిదుసార్లు బైబ్యాక్ చేసింది: 2,500 కోట్లు, 11,000 కోట్లు, 10,500 కోట్లు, 9,500 కోట్లు, 12,000 కోట్లు. మొత్తం 45,500 కోట్లు. 2023లో 445 రూపాయల చొప్పున కొన్నవి మొత్తం షేర్లలో 5 శాతానికి కాస్త తక్కువ. ప్రమోటర్లు ఏమీ ఇవ్వకుండా బయటివాళ్లే అంతా ఇచ్చి ఉంటే వారి వాటా 75 దాటిపోయేది, లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) కంపెనీలో అది కుదరదు. వాళ్లు ఇచ్చారు, పెత్తనం ఉన్నచోటే ఉంది. వచ్చిన డబ్బులో కొంత అజీం ప్రేమ్‌జీ దానధర్మాల ట్రస్టులకు వెళ్లింది. ఇలాంటి బైబ్యాక్‌ను డివిడెండు లాగే చూడొచ్చు.

మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2016లో 1,569 కోట్లతో, షేరుకు గరిష్ఠంగా 3,500 రూపాయల ధరతో, ఎక్స్ఛేంజీ ద్వారా, అంటే రోజువారీ మార్కెట్లో, కొంటామంది. అంతకు ముందు నవంబరులోనే శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ప్లాంట్లపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ వచ్చి షేరు బాగా పడి ఉంది. ఎక్స్ఛేంజీ పద్ధతిలో ప్రమోటర్ల దగ్గర కొనకూడదన్నది నిబంధన. కాబట్టి దాదాపు నాలుగో వంతు వాటా ఉన్న ప్రమోటర్లకు, వాళ్లు కోరినా కోరకపోయినా, వాటా అర శాతం పైన పెరుగుతుంది. దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఏ పద్ధతిలో కొంటున్నారన్నదే ఫలితాన్ని సగం తేల్చేస్తుందని చెప్పడానికి. 2025 ఏప్రిల్ నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ ఎక్స్ఛేంజీ పద్ధతిని ఎత్తేసింది. ఆ తర్వాత ఎక్కువగా నడిచింది టెండరే కాబట్టి 'ఇస్తున్నారా లేదా' అన్న ప్రశ్న ఇప్పుడు మరింత సూటిగా అడగొచ్చు. అరబిందో ఫార్మా 2024 జులైలో 1,460 రూపాయల చొప్పున 750 కోట్లకు బైబ్యాక్ ప్రకటించింది. వినడానికి పెద్ద మొత్తమే, కొనేది మాత్రం కంపెనీ షేర్లలో ఒక్క శాతం కూడా కాదు. అప్పటికే సగానికి పైగా వాటా ఉన్న ప్రమోటర్లకు దానితో పెత్తనంలో వచ్చే తేడా ఏమీ లేదు. అది మీ పేజీలో ఒక పేరా వార్త అయితే చాలు, అయింది కూడా.

నాలుగోది సత్యం కంప్యూటర్స్. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

ఎందుకంటే ప్రమోటర్లు షేర్లు ఇస్తారా అన్నదాని తర్వాతి ప్రశ్న, ఆ డబ్బు ఎక్కడిది అన్నది. ఇది నేను దగ్గరగా చూశాను. నేను పనిచేసిన మిల్లు ముగ్గురు అన్నదమ్ములది. లిస్టెడ్ కంపెనీ కాదు. తలా మూడో వంతు వాటా. రెండో ఆయన హైదరాబాదు వెళ్లి వేరే వ్యాపారం చూసుకుంటానన్నారు. పెద్ద మనుషులు కూర్చున్నారు. పెద్దాయనకూ చిన్నాయనకూ ఆ వాటా కొనుక్కునే సొంత డబ్బు లేదు, అప్పు చేయడం ఇష్టం లేదు. "కంపెనీయే కొంటుందిలే అన్నయ్యా, మన చేతిలోంచి పోయేదేముంది" అన్నారు చిన్నాయన. ఆడిటరు గారు తలూపారు. బైబ్యాక్ అంటే అందరికీ వాటా ప్రకారం ఆఫర్ ఇవ్వాలి కాబట్టి మిగతా ఇద్దరూ 'మేము మా షేర్లు ఇవ్వడం లేదు' అని కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఆ కాగితాలు టైపు చేయించింది నేనే. ఏడాదికి ఇంతకు మించి కొనకూడదని చట్టం ఉంది కాబట్టి విడతలుగా సాగింది.

పేచీ ధర దగ్గర వచ్చింది. మిల్లు స్థలం ఊరి బయట కొన్నది, పుస్తకాల్లో దాని విలువ నామమాత్రం. ఈలోగా ఊరు మిల్లు దాకా పెరిగింది. రెండో ఆయన స్థలం ఇప్పటి ధరలో తన వాటా అడిగారు. అది న్యాయమే. చివరికి ధర ఆ లెక్క మీదే తేల్చారు. కానీ స్థలం అమ్మలేదు. అమ్మని స్థలం విలువను నగదులో కట్టారు. ఆ నగదు పాతికేళ్లుగా లాభాల్లోంచి మిగిల్చి పెట్టుకున్నది, పత్తి సీజన్లో రైతులకు రొక్కం ఇవ్వడానికి ఉంచుకున్నది.

మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటు చూస్తే ఏ తేడా కనిపించదు. అప్పటికి సీజను ముగింపుకొస్తుంది, బేళ్లు చాలావరకు అమ్ముడుపోయి ఉంటాయి, క్యాష్ క్రెడిట్ ఖాతాలో (సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) అప్పు తక్కువే. అప్పు, మూలధనం నిష్పత్తి చట్టం చెప్పిన రెండుకు ఒకటి లోపలే ఉందని ఆడిటరు గారు సంతకం పెట్టారు, అబద్ధం కాదు. అసలు కథ నవంబరులో మొదలైంది. అంతకు ముందు సొంత డబ్బుతో సగం పత్తి కొని మిగతా సగానికి బ్యాంకుకు వెళ్లేవాళ్లం. ఇప్పుడు మొదటి లారీ నుంచే బ్యాంకు డబ్బు. బ్యాంకు ఇచ్చేది గోదాములో ఉన్న సరుకు విలువలో మార్జిన్ పోగా మిగిలినంతే. ధర పడిన వారం డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగల మొత్తం, కూడా పడుతుంది. సరిగ్గా చవగ్గా దొరికే వారంలో కొనడానికి డబ్బుండదు. యార్డు నుంచి పత్తి తెచ్చిన రైతుకు రొక్కానికి బదులు చీటీ ఇచ్చి, పదిహేను రోజులాగి రమ్మనేవాళ్లం. రెండో సీజనుకల్లా మంచి సరుకున్న రైతులు పక్క మిల్లుకు బండ్లు తిప్పారు. రెండో ఆయన మోసం చేయలేదు, మిగతా ఇద్దరూ చేయలేదు. వాటా పంపకం ఇంటి విషయం, దానికి కట్టిన మూల్యం మిల్లుది, ఆ చీటీ పట్టుకుని తిరిగిన రైతుది.

లిస్టెడ్ కంపెనీల ప్రకటనల్లో ఒక వాక్యం తప్పక ఉంటుంది: బ్యాంకులు, ఆర్థిక సంస్థల నుంచి తెచ్చిన అప్పును బైబ్యాక్‌కు వాడబోమని. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. డబ్బుకు రంగుండదు. ఈ నెల ఖాతాలో ఉన్న సొంత డబ్బుతో షేర్లు కొని, వచ్చే నెల నిర్వహణ ఖర్చులకని అప్పు తెస్తే ఆ వాక్యం తప్పిందని ఎవరూ నిరూపించలేరు. కాబట్టి విలేఖరి చూడాల్సింది ఆ వాక్యాన్ని కాదు. గత మూడేళ్లలో అప్పు పెరిగిందా తగ్గిందా, కంపెనీ సరుకు చక్రం (సరుకు కొని, అమ్మి, డబ్బు చేతికొచ్చే కాలం) ఎన్ని నెలలది, ప్రకటించిన విస్తరణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఇవీ చూడాల్సినవి. కుటుంబ సంస్థలు కొత్త షేర్లు జారీ చేయడానికి ఇష్టపడవు, వాటా పలచబడుతుందని. అందుకే అవసరానికి అప్పు వైపు మొగ్గుతాయి. డబ్బు మిగిలినప్పుడు బైబ్యాక్, చాలనప్పుడు అప్పు. ఏళ్లు గడిచేసరికి సొంత మూలధనం కరిగి అప్పు పేరుకుంటుంది, కుటుంబం వాటా శాతం మాత్రం పెరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు సత్యం. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించి, మదుపుదారులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. ఆ తర్వాత వాళ్లు చేసిన పనిని చాలామంది మరిచిపోయారు. షేర్ల బైబ్యాక్ గురించి డిసెంబరు 29న బోర్డు సమావేశమవుతుందని ప్రకటించారు. తర్వాత ఆ సమావేశాన్ని జనవరి 10కి వాయిదా వేశారు. జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది: పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని. అంటే షేర్లు కొంటామన్నది లేని డబ్బుతో. ఆ కుటుంబం వాటా అప్పటికి తొమ్మిది శాతం కూడా లేదు, అందులోనూ ఎక్కువ భాగం తాకట్టులో ఉంది. షేరు పడుతున్న కొద్దీ అప్పులిచ్చినవాళ్లు ఆ షేర్లను అమ్మేశారు. తాకట్టు వివరాలు బయటపెట్టాలన్న నిబంధన సెబీ తెచ్చింది ఆ తర్వాత, 2009లో. షేరు ధర నిలవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువగా ఉందో అప్పుడే ఏ పత్రికైనా అడిగి ఉంటే బైబ్యాక్ ప్రకటనను వేరే కళ్లతో చదివేవాళ్లం. ఇవాళ తాకట్టు లెక్క మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ఉంటోంది. అయినా బైబ్యాక్ వార్త పక్కన దాన్ని వేసిన పత్రికను నేను చూడలేదు. మీది సహా.

చిన్న వాటాదారు సంగతి రెండు మాటల్లో. టెండరులో 15 శాతం చిన్న వాటాదారులకు కేటాయిస్తారు, రికార్డు తేదీన రెండు లక్షల లోపు విలువ ఉన్నవాళ్లకు. బాగుంది. కానీ 'పండగ' అని మీరు రాసిన ప్రీమియం, ఇచ్చిన షేర్లన్నిటికీ దొరకదు. కిందటేడాది ఒక కంపెనీలో నేను 120 ఇస్తే తీసుకున్నవి 14, మిగతావి వెనక్కి వచ్చాయి. ఈలోగా మార్కెట్ ధర పాత చోటికే చేరింది. పన్ను మరో చిక్కు. లిస్టెడ్ కంపెనీల విషయంలో 2019 జులై నుంచి కంపెనీయే పన్ను కట్టేది, మన చేతికొచ్చిన దానిపై పన్ను ఉండేది కాదు. 2024 అక్టోబరు 1న దాన్ని తిరగేశారు, 2026 మార్చి దాకా అదే నడిచింది. 300కి కొన్న షేరును 500కి ఇస్తే, లాభం 200 మీద కాదు, మొత్తం 500ను డివిడెండు కింద చూపాల్సి వచ్చేది. 300ను వేరుగా మూలధన నష్టంగా రాసుకుని, ఎప్పుడైనా లాభం వస్తే అందులో సర్దుకోవాల్సి వచ్చేది. ఇతర లాభాలేవీ లేని పింఛనుదారుకు ఆ నష్టం కాగితం మీదే ఉండేది. ఈ పన్ను మారుతూనే ఉంటుంది కాబట్టి, ఏ రోజు నిబంధన ప్రకారం చేతికి ఎంత మిగులుతుందో ఒక్క ఉదాహరణ వేస్తే పాఠకుడు ఇవ్వాలో వద్దో తేల్చుకుంటాడు.

సెబీకి కూడా ఒక మాట, మీ పత్రిక ద్వారా. కంపెనీని ఎక్స్ఛేంజీ నుంచి తప్పించాలంటే, అంటే డీలిస్టింగుకు, బయటి వాటాదారుల ఓట్లలో వ్యతిరేక ఓట్ల కంటే అనుకూల ఓట్లు కనీసం రెండింతలుండాలని నిబంధన ఉంది. టేకోవర్ నిబంధనల్లోనూ, బైబ్యాక్ వల్ల వాటా పరిమితి దాటేవారు ఓపెన్ ఆఫర్ నుంచి మినహాయింపు కోరాలంటే ఆ తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసి ఉండకూడదన్నారు. ఆలోచన వారికి కొత్తది కాదన్నమాట. ఏడాదికి 5 శాతం లోపు పెరిగేవారికి ఆ షరతు తగలకపోవడమే కంత. ప్రమోటర్లు తమ షేర్లు ఇవ్వని ప్రతి బైబ్యాక్‌కూ, అది 10 శాతం లోపే అయినా సరే, బయటి వాటాదారుల ఓటు వేరుగా తీసుకోవాలి. షేర్లు తమ నిష్పత్తి ప్రకారం ఇచ్చే ప్రమోటర్లకు ఈ బాధ అక్కర్లేదు, బోర్డు తీర్మానమే చాలు. దీనివల్ల నాలుగైదు వారాలు ఆలస్యమవుతుందని కంపెనీలు అంటాయి. వాటా సగం దాటే వ్యవహారంలో అయిదు వారాలు పెద్ద ఆలస్యం కాదు.

మంగళవారం నాటి కంపెనీ టెండరు ఇంకా తెరవలేదు. మీ విలేఖరి పబ్లిక్ అనౌన్స్‌మెంటు తీసి, ప్రమోటర్ల ఉద్దేశం రాసిన పేరా, తాజా త్రైమాసికంలో తాకట్టు శాతం, మూడేళ్ల అప్పు, ఈ మూడు వివరాలు ఈ వారంలో వేస్తే, షేర్లు ఇవ్వాలా ఉంచుకోవాలా అని ఎదురుచూస్తున్న మీ పాఠకులకు గడువు లోపల పనికొస్తాయి.

— ఒక రిటైర్డ్ అకౌంటెంట్,
గుంటూరు